దూది తినని పెసరచేను

రా, ఇలా నా పక్కకి జరుగు. కాళ్ళు దుప్పట్లోకి లాక్కో. ఈవేళ రాజులూ లేరు, రాణులూ లేరు. ఈవేళ నాకు కోపమొచ్చే కథ చెప్తాను. ఇన్నేళ్ళయినా ఆ కోపం చల్లారలేదు. అమ్మమ్మకి కోపం రాదనుకున్నావా? ఊఁ కొడుతూ విను.

అనగనగా ఒక ఊరి పక్కన ఒక గెడ్డ. గెడ్డ అంటే చిన్న ఏరు, మోకాలి లోతు నీళ్ళు. ఆ గెడ్డలో రేవు. ఆ రేవులో ఊరందరి బట్టలూ ఉతికేవాడు గురువులు. ఆయన మా నాన్న. ఆయనకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది పైడి. చిన్నదాన్ని నేను. కానీ ఈ కథ నాది కాదు, మా అక్కది. నేనప్పటికి ముక్కు తుడుచుకోవడం కూడా చేతకాక అక్క వెనకాలే తిరిగేదాన్ని.

మా ఇంట్లో ఒక ఆడగాడిద ఉండేది. అది ఒక పిల్లని ఈనింది. ఆ తర్వాత కొద్దిరోజులకే గట్టు మీద మేస్తుంటే పాము కరిచి చచ్చిపోయింది. పిల్లకి ఇంకా గడ్డి తినడం కూడా రాదు. వణుకుతూ తల్లి పక్కనే నిలబడింది. మా నాన్న దాన్ని చూసి, "ఇది బతకదురా దేవుడా" అన్నాడు.

అప్పుడు మా అక్క ఏం చేసిందో తెలుసా? ఆ పిల్లని చంకలో ఇరికించుకుని ఇంటికి తెచ్చింది. మేకపాలు పిండి, గుడ్డపీలిక ముంచి, దాని నోట్లో పెట్టింది. అది చప్పరించింది. మళ్ళీ ముంచింది. మళ్ళీ చప్పరించింది. అలా బతికింది. ఒళ్ళంతా మెత్తగా, చెవుల నిండా తెల్లటి నూగు. అందుకని దానికి దూది అని పేరు పెట్టింది.

నవ్వకు. గాడిదకి దూది అని పేరేంటని ఊళ్ళో వాళ్ళు కూడా ఇలాగే నవ్వారు. ఒక్కసారి దాని చెవి పట్టుకుని చూస్తే తెలిసేది.

ఆ దూదికి మూడు సరదాలు. పొద్దున్నే బట్టలు ఉడకబెట్టిన పొయ్యి దగ్గర గోరువెచ్చటి బూడిదలో దొర్లడం ఒక సరదా. అప్పుడది లేచి నిలబడితే సన్నాసిలా ఉండేది. చింతచిగురు తినడం ఇంకో సరదా. పులుపుకి పళ్ళు ఇకిలించి, మళ్ళీ ఇంకొంచెం పెట్టమని మూతి చాపేది. ఇక మూడోది, ఆరేసిన చీరల వెనక దాక్కోవడం. చీర కింద నుంచి నాలుగు కాళ్ళూ కనపడుతూనే ఉండేవి. అయినా మా అక్క, "దూదీ, ఎక్కడున్నావే? అయ్యో, మా దూది తప్పిపోయిందే!" అని వెతుకుతున్నట్టు తిరిగేది. దూది చెవులు కూడా కదపకుండా నిలబడేది చూడూ!

ఆ తర్వాత అది పెద్దదయ్యింది. మూటలు మొయ్యడం మొదలుపెట్టింది. ఊళ్ళో ప్రతి ఇంటి పంచే, చీరా, పసిపిల్లల పక్కబట్టా దాని వీపు మీదే రేవుకి వెళ్ళేది. దాని వీపు మీదే ఇంటికి వచ్చేది. అయినా సరే, ఎవరికి కోపమొచ్చినా "గాడిదా!" అనే తిట్టేవాళ్ళు.

ఒకరోజు బళ్ళో మేస్టారు ఎక్కం రానివాడిని అలాగే తిట్టాడు. మా అక్క లేచి నిలబడింది. "వాడికి ఎక్కం రాకపోతే మా దూదిని తిడతారేంటి మేస్టారూ? అదేం చేసింది?" అని అడిగింది. పిల్లలందరూ నవ్వారు. మేస్టారు అక్కని బయట నిలబెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. నేనూ వెళ్ళి అక్క పక్కన నిలబడ్డాను. అసలు నేనింకా బళ్ళో చేరనే లేదు!

సరే, అసలు సంగతికి వద్దాం.

ఆ ఊరికి ఒక మునసబు. ఊరి పెత్తనమంతా ఆయనదే. పేరు జగ్గునాయుడు. లావాటి మనిషి, తెల్లటి పంచె, దాని మీద చిన్న మరక కూడా ఉండకూడదు. ఆయనకి ఒక తమ్ముడు, చిన్నంనాయుడు. అన్నదమ్ములిద్దరికీ పడదు. ఎప్పుడు ఏ గట్టు దగ్గర తగువు పడదామా అని ఇద్దరూ చూస్తుండేవారు.

కోతలైపోయాక తమ్ముడు పొలంలో పెసర చల్లాడు. చేను మోకాలెత్తు పెరిగి పచ్చగా కళకళలాడింది. ఒకనాడు తెల్లారేసరికి చూస్తే చేను లేదు! సగానికి సగం మొదళ్ళదాకా మేసేసి ఉంది. మిగతాదంతా తొక్కుడు.

ఎవరు తిన్నారు? మునసబు గేదెలు తిన్నాయి. మంద మొత్తం కట్లు విప్పుకుని వెళ్ళి శుభ్రంగా మేసింది. మునసబు తనే వెళ్ళి, ఎవరూ చూడకుండా వాటిని వెనక్కి తోలుకొచ్చుకున్నాడు. ఎవరూ చూడలేదని ఆయన అనుకున్నాడు. తమ్ముడి ఇంటివాళ్ళు తప్ప ఊరంతా చూసింది.

అప్పుడు తమ్ముడు కర్ర పట్టుకుని వచ్చాడు. "నా చేను ఎవరి పశువులు తిన్నాయో ఇప్పుడే తేలాలి" అన్నాడు.

మునసబు మీసం సవరించుకున్నాడు. అటు చూశాడు. ఇటు చూశాడు. అటుగా మా దూది పోతోంది, వీపు మీద మూటతో, తలొంచుకుని, దాని దారిన అది.

"ఇంకెవరు? ఆ గాడిదే" అన్నాడు.

విన్నావా? మంద మందంతా గేదెలు మేస్తే, నోరు లేని ఒక్క గాడిద మీద పెట్టాడు. అంత పెద్ద చేను ఒక్క గాడిద తింటుందా? తిన్నాక నడవగలదా? ఆ మాట అక్కడున్న ఒక్కరూ అడగలేదు. మునసబు నౌకరు తలారి వచ్చి, మూట కింద పడేసి, దూది మెడకి తాడేసి లాక్కెళ్ళాడు. బందెలదొడ్డిలో పెట్టి తాళం వేశాడు. బందెలదొడ్డంటే పశువుల జైలు. చుట్టూ రాతిగోడ, నీడ లేదు, గడ్డిపోచ లేదు. తాళంచెవి మునసబు మొలతాడుకి.

మా నాన్న పరుగున వెళ్ళాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "బాబూ, అది నిన్న సాయంత్రం నుంచీ మా గుమ్మంలోనే కట్టేసి ఉంది బాబూ" అన్నాడు.

"తప్పు కట్టి తీసుకుపో. లేదంటే సంతరోజున ఇటుకబట్టీ వాళ్ళకి అమ్మేస్తాం" అన్నాడు మునసబు.

ఇటుకబట్టీకి వెళ్ళిన గాడిద మళ్ళీ తిరిగి రాదు తల్లీ. దాని నడుం విరిగేదాకా మోయిస్తారు.

మా నాన్న భయపడ్డాడు. ఎలాగో ఒకలాగ తప్పు, అదే జరిమానా, కట్టేద్దామన్నాడు. అప్పుడు మా అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "కట్టొద్దు నాన్నా. కడితే దూది తిన్నదని మనమే ఒప్పుకున్నట్టు" అంది.

"ఒప్పుకుంటే ఏం పోయిందే? ప్రాణంతో ఇంటికొస్తుంది" అన్నాడు నాన్న.

"రేపు ఎవరి చేను పోయినా దూదే తిన్నదంటారు. అప్పుడో?" అంది అక్క.

 నాన్న గుమ్మం ముందు ఖాళీగా ఉన్న, దూదిని కట్టేసే రాట వంక చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు మా అక్క నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. చూసినవాళ్ళు చూసింది చెప్తే చాలు కదా? అంతకన్నా ఏం కావాలి?

ముందు మేస్టారి దగ్గరకి వెళ్ళాం. ఆయన ఇల్లు పెసరచేను పక్కనే. "మేస్టారూ, మీరు పొద్దున్నే అరుగు మీద పళ్ళు తోముకుంటారు కదా. గేదెల్ని చూశారు కదా?" అని అడిగింది అక్క. ఆయన గొంతు సవరించుకున్నాడు. "చూశాననుకో... కానీ నాకెందుకమ్మా ఊరి గొడవలు" అని లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. అబద్ధం చెప్తే గోడకుర్చీ వేయించే మేస్టారు!

ఆ తర్వాత కొట్టు సూరిశెట్టి దగ్గరకి వెళ్ళాం. ఆయన నా చేతిలో బెల్లంముక్క పెట్టాడు. "నేను చూళ్ళేదు. చూసినా చూళ్ళేదు. ఈ ముక్క తింటూ ఇంటికెళ్ళండి" అన్నాడు. అక్క ఆ బెల్లంముక్క నా చేతిలోంచి లాగి కొట్టు బల్ల మీద పెట్టేసింది. నాకు ఏడుపొచ్చింది. అయినా ఊరుకున్నాను.

ఆ తర్వాత మునసబు తల్లి దగ్గరకి వెళ్ళాం. ముసలావిడ పెరట్లో ఎండలో కూర్చుని ఉంది. అక్క అడిగింది. ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టి, "ఏటే, వినపడదు" అంది. అక్క ఇంకా గట్టిగా అడిగింది. "వినపడదే గుంటా, వెళ్ళు" అంది. మేము గుమ్మం దాటుతుంటే వెనక నుంచి కోడలితో, "ఆ పిల్లలకి ఏదైనా పెట్టి పంపాల్సింది" అని గొణిగింది. అంటే మేం అడిగిందంతా వినపడినట్టే కదా!

నువ్వే చెప్పు, ఇలాంటి ఊరిని ఏం చెయ్యాలి?

"మరి దూదికి అన్నం?" అంటావా? అక్కడికే వస్తున్నాను.

రోజూ మా అక్క గడ్డిమోపు, నీళ్ళకుండ పట్టుకుని బందెలదొడ్డికి వెళ్ళేది. తలారి తరిమేవాడు. ఈ పక్క నుంచి తరిమితే ఆ పక్కకి వెళ్ళి, గోడ మీద నుంచి గడ్డి విసిరేది. నీళ్ళు ఎలా విసురుతుంది? పాతచీర ముక్క కుండలో ముంచి, గేటు సందులోంచి లోపలికి వదిలేది. దూది ఆ గుడ్డని చప్పరించేది. అంత పెద్ద గాడిద, పసిదానిలా గుడ్డ చప్పరిస్తుంటే, నేను చూడలేక అటు తిరిగేదాన్ని. మా అక్క మాత్రం ఏడవలేదు. పళ్ళు బిగించి మళ్ళీ గుడ్డ ముంచేది.

అప్పుడు మునసబు ఇంటి నుంచి కబురొచ్చింది. వాళ్ళమ్మాయికి పెళ్ళి కుదిరిందట. తాంబూలాలు పుచ్చుకోవడానికి మగపెళ్ళివారు వస్తున్నారట. దుప్పట్లూ, పంచెలూ, పట్టుచీరలూ అన్నీ ఉతకాలట. పాలేరు ఇంత మూట తెచ్చి మా గుమ్మంలో పడేశాడు.

మా నాన్న ఆ మూట వంక చూశాడు. రాట వంక చూశాడు. మా అక్క వంక చూశాడు. అప్పుడు లేచి నిలబడ్డాడు. ఆయన జన్మలో ఎవరికీ ఎదురు చెప్పి ఎరగడు. 

"దూది వచ్చాక ఉతుకుతానని చెప్పు బాబుగారికి" అన్నాడు.

మా అమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. ఆ తర్వాత ఆ మూటని తనే కాలితో గుమ్మం అవతలికి తోసింది.

మునసబు మండిపడ్డాడు. పొరుగూరి నుంచి ఇంకో చాకలిని పిలిపించాడు. ఆ వచ్చినాయన ఎవరనుకున్నావు? మా మేనమామ! తిన్నగా మా ఇంటికొచ్చి, గంజి తాగి, మా అక్క తల నిమిరి, బట్టలు ముట్టుకోకుండానే వెళ్ళిపోయాడు.

ఇక చూడు ఊరి అవస్థ. ఇంటింటా మాసిన బట్టలు గుట్టలుగా పేరుకున్నాయి. పసిపిల్లల పక్కబట్టల కంపు వీధిలోకొచ్చింది. మేస్టారి చొక్కా కాలరు నల్లబడింది. సూరిశెట్టి పంచె తిరగేసి కట్టుకున్నాడు. చివరికి ఆడవాళ్ళే మూటలు నెత్తిన పెట్టుకుని రేవుకి నడిచారు. నడుములు పడిపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది వాళ్ళకి, ఇన్నాళ్ళూ ఈ బరువంతా ఎవరు మోశారో.

అప్పుడు నోళ్ళు లేచాయి. రేవులో బట్ట బాదుతూ ఒకావిడ, "గేదెలు తింటే గాడిదకి శిక్షా?" అంది. ఇంకొకావిడ, "నేనూ చూశానమ్మా, మునసబే తోలుకొచ్చాడు" అంది. "నేనూ చూశాను" అంది మూడోది.

అక్కడే మునసబు మరదలు, అదే చిన్నంనాయుడు పెళ్ళాం, ఎర్రయ్యమ్మ మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి బట్టలు పిండుకుంటోంది. ఆవిడదే కదా పెసరచేను! ఆవిడ చేతిలో తడిచీర అలాగే ఆగిపోయింది. "ఏటేటీ? మళ్ళీ చెప్పండి?" అంది.

చెప్పారు. అందరూ చెప్పారు. ఒకరిని మించి ఒకరు చెప్పారు.

అప్పుడు ఎర్రయ్యమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుంది. తడిబట్టల గంప నెత్తిన పెట్టుకుంది. "రండే అందరూ" అంది. ఆడవాళ్ళందరూ బయల్దేరారు. దారిలో బందెలదొడ్డి దగ్గర నీళ్ళగుడ్డతో కూర్చున్న మా అక్కని చూసి, "లేవే పైడీ, నువ్వు ముందు నడు" అంది.

ఆ రోజే తాంబూలాలు. మునసబు ఇంటి అరుగు మీద తివాచీ పరిచి ఉంది. మగపెళ్ళివారు కూర్చుని ఉన్నారు. మేస్టారు ఉన్నాడు, సూరిశెట్టి ఉన్నాడు. మునసబు పంచె మీద పసుపు మరక. దాని మీద కండువా కప్పుకుని కూర్చున్నాడు. ఇంతలో వీధి నిండా ఆడవాళ్ళు, నెత్తిన గంపలు, గంపల్లోంచి కారుతున్న నీళ్ళు. వాళ్ళందరికీ ముందు, ఇంత పిల్ల, మా అక్క. దాని కొంగు... ఛ, కొంగెక్కడిది, లంగా పట్టుకుని నేను.

మా అక్క గట్టిగా అడిగింది. "బాబూ, పెసరచేను ఎవరు తిన్నారు?"

 మునసబు మొహం కందగడ్డలా అయ్యింది. "ఎవరక్కడ! ఈ గుంటని బయటికి..." అన్నాడు.

అప్పుడు లోపల్నుంచి గొంతు వినపడింది. మునసబు తల్లి గడప పట్టుకుని నిలబడి ఉంది. "మన గేదెలేరా జగ్గూ. నువ్వే కదా తోలుకొచ్చావు. నేను దొడ్లోనే ఉన్నాను. ఎన్నాళ్ళు చెవుడు నటించనురా, నాకు అన్నం సయించడంలేదు" అంది.

అప్పుడు మేస్టారు కూడా లేచి, "నేనూ చూశాను" అన్నాడు. సూరిశెట్టి, "నేను కూడాను" అన్నాడు. ఇప్పుడా అనేది! ముసలావిడ చెప్పేశాక, ఇక భయం లేదని తెలిశాక! వాళ్ళిద్దరినీ నేను ఇప్పటికీ క్షమించలేదు.

మగపెళ్ళివారు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మునసబు లేచాడు. మొలతాడు నుంచి తాళంచెవి లాగాడు. లాగి, వీధిలో దుమ్ములోకి విసిరాడు, కుక్కకి ఎంగిలిమెతుకులు విసిరినట్టు. "తీసుకుపోండి మీ గాడిదని" అన్నాడు.

మా నాన్న అప్పుడే పరుగెత్తుకొచ్చాడు. తాళంచెవి తీసుకుందామని వంగబోయాడు. మా అక్క ఆయన చెయ్యి పట్టుకుంది.

"వద్దు నాన్నా. మనం తియ్యొద్దు. వేసినవాళ్ళే తీసి చేతికివ్వాలి" అంది.

 గంపల్లోంచి నీటిచుక్కలు పడుతున్నాయి. మునసబు కదల్లేదు. మా అక్కా కదల్లేదు. మునసబు కూతురు, ఆ పెళ్ళికూతురే, పట్టుచీర లేక పాతచీరే కట్టుకుని గుమ్మం దగ్గరకొచ్చింది. "నాన్నా, తీసివ్వు" అంది మెల్లగా.

అప్పుడు మునసబు మెట్లు దిగాడు. కండువా జారి పసుపు మరక అందరికీ కనపడింది. అంత లావు మనిషీ వంగాడు. దుమ్ములోంచి తాళంచెవి తీసి, మా అక్క అరచేతిలో పెట్టాడు.

"తప్పయిందని చెప్పాడా?" అంటావా? చెప్పలేదే! ఒక్క మాట కూడా అనలేదు. వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయాడు. అందుకే కదా నాకింత కోపం! వంగితే సరిపోతుందా? నోటితో ఒక్క మాట అంటే ముత్యాలు రాలిపోతాయా?

మేము పరుగెత్తాం. అక్క తాళం తీసింది. దూది డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. గోడకి రాసుకుని మెడ మీద చర్మం ఊడింది. గేటు తెరిచినా బయటికి రాలేదు. తెరిచారో లేదో దానికి నమ్మకం లేదు. మా అక్క లోపలికి వెళ్ళి, దాని మెడ చుట్టూ చేతులు వేసి, అప్పుడు ఏడ్చింది. అన్నాళ్ళూ ఆపుకున్నదంతా ఏడ్చింది. దూది అక్క భుజం మీద తల ఆనించి నిలబడింది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి బయటికొచ్చారు.

ఆ రోజు దూది వీపు మీద ఎవరూ మూట పెట్టలేదు. మా నాన్నే రేవుదాకా నెత్తిన మోశాడు. పక్కన దూది ఊరికే నడిచింది, చక్కగా, షికారుకి వచ్చినట్టు.

మరి తర్వాత? తర్వాత మా అక్క పెద్దదయ్యింది. పెళ్ళి కుదిరింది. అత్తారింటికి పంపే రోజున, "దూది కూడా వస్తుంది" అంది. మగపెళ్ళివాళ్ళు నోళ్ళు తెరిచారు. "ఇద్దరం వస్తాం. లేకపోతే ఇద్దరం రాం" అంది మా అక్క. ఏం చేస్తారు? ముందు బండిలో పెళ్ళికూతురు. బండి వెనకాల, మెడలో బంతిపూల దండతో దూది.

నేను గుమ్మంలో నిలబడి చూశాను. చూడు, ఎంత అన్యాయమో! బడి బయట తనతో నిలబడ్డది నేను. బెల్లంముక్క వదులుకున్నది నేను. లంగా పట్టుకుని మునసబు ఇంటిదాకా నడిచింది నేను. గాడిదని తీసుకెళ్ళింది, నన్ను వదిలేసి వెళ్ళింది!

అందుకని ఆ రోజంతా నేను అన్నం తినలేదు. అర్థమయ్యిందా? ఇక కళ్ళు మూసుకో.

కథ నడిచి కంచి చేరింది,
దూది నడిచి రేవు చేరింది,
అక్క బండెక్కి అత్తిల్లు చేరింది,
కోపం మాత్రం నా కొంగున చేరింది,
నిద్దర వచ్చి నీ కంట చేరింది.